పరువు పందెం

నోటీసు బోర్డు ముందు పిల్లలు గుంపుగా మూగి విరగబడి నవ్వుతున్నారు.

విజిల్ టీచర్ సైకిల్ తోసుకుంటూ గేటు దాటిందో లేదో ఆ నవ్వు చెవిన పడింది. ఆ ప్రభుత్వ హైస్కూల్లో ఆటల టీచర్‌గా చేరి పది నెలలు. మెడలో విజిల్ తియ్యదు కాబట్టి పిల్లలు పెట్టిన పేరది. అసలు పేరు హాజరు పట్టీలో పడుంది, దాంతో ఎవరికీ పని లేదు.

"ఏంట్రా ఆ గోల?" అంటూ గుంపును తోసుకుని ముందుకెళ్లింది.

బోర్డు మీద ఉన్నది తన నోటీసే. నిన్న సాయంత్రం హడావిడిగా రాసి అంటించింది. "శనివారం ఉదయం ఏడు గంటలకు పరువు పందెం. ఇష్టమున్నవారు గ్రౌండ్‌కు రావలెను."

'వు' చుట్టూ ఎర్ర సున్నా. దాని నెత్తిన ఎర్రగా 'గు'. ఆ పక్కన ముత్యాల్లాంటి అక్షరాలతో ఒక వ్యాఖ్య కూడా: "ఇష్టమున్నా లేకున్నా పరువును పందెం కాయరాదు."

ఆమె చెవులు వేడెక్కాయి. నోటీసును పర్రున పీకి, ఉండ చుట్టి, స్టాఫ్ రూమ్ వైపు నడిచింది. నడిచిందంటే మర్యాదకి. దూసుకెళ్లింది.

"ఎవరిదా ఎర్ర పెన్ను?"

కిటికీ పక్క కుర్చీలో నోటు పుస్తకాలు దిద్దుకుంటున్న సన్నటి పొడుగాటి మనిషి తలెత్తాడు. తెలుగు మాస్టారు. బడిలో వక్తృత్వం, వాదన, నాటకం, ఏ పోటీ కాగితమైనా ఆయన చేతి మీదుగా పోవాల్సిందే. హోటల్లో ధరల పట్టీ ఇచ్చినా ముందు తప్పులు దిద్ది, ఆ తర్వాత టీ చెప్పే రకం. పిల్లలు ఎర్ర సిరా మాస్టారంటారు.

"నాదేనండి. ఒక్క అక్షరం..."

"మీరు దిద్దింది అక్షరాన్ని కాదు, నన్ను. అదీ పిల్లల ముందు!"

"తప్పు పిల్లల ముందే ఉంది కదండీ. దిద్దుబాటు ఇంకెక్కడ పెట్టను?"

"నా దగ్గరికొచ్చి చెప్పొచ్చుగా? నాకు చెవులున్నాయి."

"మీరెప్పుడూ గ్రౌండ్‌లో ఉంటారు. నాకేమో ఎండ పడదు."

"పడకపోవడానికి మీరేమన్నా కొవ్వొత్తా, కరిగిపోతారా?"

లెక్కల టీచర్ టీ పొలమారింది. జిల్లాలో వాదనకి పేరుమోసిన మనిషి ఆ పూట నోరు తెరిచినవాడు తెరిచినట్టే ఉండిపోయాడు. విజిల్ టీచర్‌కి కాస్త చల్లబడింది.

అప్పుడే హెడ్మిస్ట్రెస్ లోపలికొచ్చింది. రిటైర్మెంటుకి రెండేళ్లున్న మనిషి. బడి మొత్తానికీ ఆమె పెద్ద టీచర్.

"పోట్లాట తర్వాత పెట్టుకోండి. అమ్మాయ్, ఇది నీకే" అని విద్యాశాఖ ఆఫీసు నుంచి వచ్చిన కాగితం చేతిలో పెట్టింది.

మూడేళ్లుగా పై పోటీలకు ఒక్క జట్టునూ పంపని బడులకు ఆటల టీచర్ అక్కర్లేదట. వచ్చే నెల జోన్ పోటీల్లో కనీసం ఒక ఈవెంట్‌లో మొదటి రెండు స్థానాల్లో నిలిచి పైకి వెళ్తే పోస్టు ఉంటుందట. లేకపోతే ఎత్తేస్తారట. టీచర్‌ని ఎక్కడికి పంపుతారో మాత్రం అందులో లేదు.

చూశారా వరస! గ్రౌండ్‌లో సగం మునిసిపాలిటీ కంకర పోసుకుంది. బూట్లు అడిగితే లేవంటారు. బంతి అడిగితే దరఖాస్తు పెట్టమంటారు, దరఖాస్తు పెడితే బంతి ఎందుకంటారు. మూడేళ్లు కళ్లు మూసుకుని నిద్రపోయి, లేచి కూర్చుని, కప్పేదీ అని అడుగుతారు. ఆ కాగితం రాసినవాడు ఒక్కసారి కంకర మీద వట్టి కాళ్లతో పరిగెత్తి చూస్తే తెలిసేది.

బడికి కప్పులు లేక కాదు. పెద్ద టీచర్ గదిలో అద్దాల బీరువా నిండా ఉన్నాయి. వాదనకి ఏడు షీల్డులు, నాటకానికి మూడు, బృందగానానికి రెండు, చదరంగానికొకటి. అన్నీ నోటితోనో బుర్రతోనో తెచ్చినవే. కాళ్లతో తెచ్చింది ఒక్కటీ లేదు. కింది అర మొత్తం ఖాళీ.

"ఆ అర నేను నింపుతా" అంది విజిల్ టీచర్.

* * *

నలుగురు అమ్మాయిలతో రిలే జట్టు తయారైంది. అందులో చివరి నూరు మీటర్లు పరిగెత్తే పిల్ల, పిల్ల కాదు, మెరుపు. సన్నటి కాళ్లు, ఒక్కచోట నిలబడదు. బడంతా మిడత అని పిలుస్తుంది.

చిక్కల్లా ఒక్కటే. వాదన జట్టుకి కూడా మిడతే ప్రాణం.

"సాయంత్రాలు నాకు కావాలి" అన్నాడు ఎర్ర సిరా మాస్టారు.

"సాయంత్రాలు ట్రాక్ చల్లగా ఉంటుంది. నాకు కావాలి."

"పొద్దున్న తీసుకోండి."

"పొద్దున్నా నాకే కావాలి."

"మరి నాకేం మిగిలింది?"

"పరిగెత్తేటప్పుడు దాని నోరు ఖాళీయేగా. ఆ నోరు తీసుకోండి."

ఆమె వెటకారానికంది. ఆయన నిజమే అనుకున్నాడు. మర్నాడు సాయంత్రం గ్రౌండ్‌కి వచ్చేశాడు, ఒక చేతిలో నల్ల గొడుగు, ఇంకో చేతిలో పాయింట్లు రాసిన కాగితాలు. మిడత వార్మప్ రౌండ్లు కొడుతుంటే పక్కన ఉరుకుతూ "ప్రత్యర్థి అలా అంటే నువ్వేమంటావ్?" అని అరుస్తాడు. మిడత రొప్పకుండా జవాబు చెబుతుంది. రొప్పేది ఆయనే. రెండో రౌండ్‌కి గొడుగు గాలికి తిరగబడింది. మూడో రౌండ్‌కి ఆయనే కంకర కుప్ప మీద కూలబడ్డాడు.

"కొవ్వొత్తి కరిగింది టీచర్!" అని మిడత కేక పెట్టింది.

"నోర్ముయ్. మాస్టారికి నీళ్లివ్వు" అంది విజిల్ టీచర్, నవ్వు పళ్ల కింద నొక్కిపెట్టి.

ఆయన మాత్రం మానలేదు. మొండి ఘటం. వారం తిరిగేసరికి రెండు రౌండ్లు తిరగ్గలిగాడు. పదో రోజున గొడుగు ఇంట్లోనే మర్చిపోయాడు. పన్నెండో రోజున, ఎవరూ అడక్కుండానే, గడియారం పట్టుకుని గీత దగ్గర నిలబడి జట్టు టైం చెప్పడం మొదలెట్టాడు.

"నిన్నటికంటే సగం సెకను తగ్గింది!" అని గెంతాడు. అంత పొడుగు మనిషి గెంతితే చూడ్డానికి భలే ఉంటుంది. విజిల్ టీచర్ కళ్లు అటే వెళ్లాయి. ఆయన ఇటు చూసేసరికి ఆమె చటుక్కున వంగి షూ లేసు కట్టుకుంది. లేసు కట్టే ఉంది.

నలుగురమ్మాయిలూ ఒకళ్ల మొహాలొకళ్లు చూసుకున్నారు. మిడత వేళ్లు లెక్కపెట్టింది.

"ఏం లెక్కపెడుతున్నావే?"

"ఏం లేదు టీచర్. ఈ రోజు మీరు లేసు కట్టుకోవడం నాలుగోసారి."

* * *

ఒక సాయంత్రం చెప్పాపెట్టకుండా వాన విరుచుకుపడింది. పిల్లలు కేకలేస్తూ వరండాలోకి పరిగెత్తారు. వీళ్లిద్దరికీ దగ్గర్లో దొరికింది సైకిల్ స్టాండు. పైన రేకులు, ఆ రేకుల మీద వాన డప్పు కొడుతోంది. మధ్యలో ఆమె సైకిల్. హ్యాండిల్‌కి ఇటు ఆమె, అటు ఆయన. రేకు చిల్లులోంచి ఒక ధార సరిగ్గా ఆయన నెత్తి మీదే పడుతోంది.

"పక్కకి జరగండి మాస్టారూ."

"జరిగితే మీ వైపు రావాలి."

"వస్తే కొడతానా?"

జరిగాడు. కాసేపు ఇద్దరూ వానని చూశారు. వానలో చూడ్డానికేముందని? అయినా చూశారు.

"ఒకటడగనా? కోప్పడరు కదా?"

"కోప్పడతాను. అడగండి."

"మీరు రాసినవన్నీ చూశాను. ఎక్కడా పెద్దగా తప్పులుండవు. ఆ ఒక్క మాట దగ్గరే..."

ఆమె సైకిల్ బెల్లు వేలితో ఒకసారి తిప్పింది.

"నేను ఎనిమిదిలో ఉండగా పరిగెత్తడం మొదలెట్టాను. మా నాన్న టైలర్. వీధిలో వాళ్లు బట్టలివ్వడానికి రావడం, ఒకటే మాట అనడం. పిల్ల పరుగు మాన్పించు, ఇంటి పరువు పోతోంది. పరుగు, పరువు. పరువు, పరుగు. పొద్దున లేచింది మొదలు అదే. ఒకసారి పరీక్షలో వ్యాసం రాశా, నాకు పరుగంటే ఎందుకిష్టమో. పేజీ నిండా 'పరువు' అని పడింది. టీచర్ దాన్ని క్లాసంతా వినేలా చదివింది. అందరూ ఆ రోజు నా నోటీసు దగ్గర నవ్వినట్టే నవ్వారు. అప్పట్నించీ ఆ అక్షరం దగ్గరికొస్తే చెయ్యి నా మాట వినదు."

"మీ నాన్నగారేమన్నారు, వాళ్లతో?"

"మిషను ఆపలేదు. నా పరువు నా కూతురి కాళ్ల మీదుందా, అయితే దాన్ని ఇంకా గట్టిగా పరిగెత్తమంటాను అన్నాడు."

ఎర్ర సిరా మాస్టారు తల దించుకున్నాడు.

"ఆ రోజు నోటీసు మీద నేను రాసింది... సిగ్గులేని పని."

"అవును" అంది ఆమె. ఊరుకోండి, ఫర్వాలేదు లాంటి మాటలు ఆమెకి రావు. "కానీ ఇప్పుడు చెప్పారుగా. చాలు."

వాన తగ్గింది. ఇద్దరూ ఇంకో పది నిమిషాలు అక్కడే నిలబడ్డారు.

ఆ వారమే ఆమె జోన్ పోటీల ఫారం నింపింది. రూలు ప్రకారం అది ఎర్ర సిరా మాస్టారి దగ్గరికెళ్లింది. మర్నాడు ఆయన సంతకంతో తిరిగొచ్చింది. ఒక్క ఎర్ర గీత లేదు! విజిల్ టీచర్ గాల్లో తేలింది. మొత్తానికి ఒక్క తప్పూ లేకుండా రాసిందన్నమాట. మళ్లీ చదవకుండానే పంపించేసింది.

* * *

జోన్ పోటీల రోజు స్టేడియం నిండా రంగులే రంగులు. డబ్బున్న బడుల పిల్లలు ఒకే రకం ట్రాక్ సూట్లలో, ఒకే రకం బూట్లలో, ఒకే రకం సీసాల్లో ఏవో రంగు నీళ్లు తాగుతూ. మన నలుగురికీ నాలుగు రకాల బూట్లు. మిడతవి వాళ్ల అన్నయ్యవి, ముందు భాగంలో గుడ్డ కుక్కుకుంది.

అయినా ఆ పిల్ల మొహం వెలిగిపోతోంది. స్టేడియం పక్క హాల్లో పొద్దున్నే వాదన పోటీ అయింది. విషయం ఏమిటో తెలుసా? చదువుకి ఆటలు అడ్డా కాదా. చీటీలో మిడతకి 'అడ్డే' అని వచ్చింది! పరుగు బట్టల మీదే వెళ్లి, ఆటలు దండగ అని ఏడు నిమిషాలు దంచి, మొదటి బహుమతి కొట్టి, పరిగెత్తుకుంటూ గ్రౌండ్‌కొచ్చింది.

"అన్నీ అబద్ధాలే చెప్పాను టీచర్!"

"మంచిది. ఇప్పుడు నిజం చూపించు. నంబర్లు తీసుకురండి."

నలుగురూ చొక్కాకి తగిలించే నంబర్ల కోసం వెళ్లి ఉత్త చేతులతో తిరిగొచ్చారు.

విజిల్ టీచర్ అధికారుల బల్ల దగ్గరికెళ్లింది. తెల్ల టోపీ పెద్దాయన జాబితా తిరగేసి తల అడ్డంగా ఊపాడు.

"రిలేలో మీ బడి లేదమ్మా."

"ఫారం పంపాం!"

"పంపారు. ఇదిగో. 'రిలే పరువు' అని రాశారు. మా ఈవెంట్లలో అలాంటిది లేదు. అందుకే ఏ జాబితాలోనూ ఎక్కించలేదు."

విజిల్ టీచర్ ఫారం లాక్కుంది. తన చేతిరాతే. ఆ అక్షరమే. కింద ఎర్ర సిరా మాస్టారి సంతకం.

ఆయన అప్పుడే వాదన షీల్డు చంకలో పెట్టుకుని నవ్వుతూ వచ్చాడు. ఆమె ఫారం ఆయన మొహం ముందు ఆడించింది.

"ఇది చూశారా, లేదా?"

నవ్వు ఆరిపోయింది. "చూశాను."

"చూసి?"

"దిద్దలేదు."

"ఎందుకు? ఇదేం కక్ష? మిడత మీ వాదనకి దక్కితే చాలు, రిలే పోతే పోయిందనా?"

"అయ్యో, కాదు!" ఆయన షీల్డుని ఈ చంక నుంచి ఆ చంకకి మార్చాడు. "దిద్దబుద్ధి కాలేదు. పెన్ను మూత తీశాను, పెట్టాను. మళ్లీ తీశాను. ఆ వాన రోజు తర్వాత అది నాకు తప్పులా కనిపించడం మానేసింది. దాని మీద గీత గీస్తే మీ మీద గీసినట్టే అనిపించింది. వాళ్లు దీన్ని పట్టుకుంటారని తట్టలేదు."

"పక్కకి పిలిచి ఒక్క మాట చెప్పొచ్చుగా!"

"చెప్పొచ్చు. తట్టలేదు. మూర్ఖుణ్ణి."

"మీ మూర్ఖత్వం సంగతి తర్వాత తేల్చుకుందాం. ఇంకో అరగంటలో నా పోస్టు పోతోంది!"

ఎర్ర సిరా మాస్టారు షీల్డు ఆమె చేతిలో పెట్టాడు. చొక్కా చేతులు మడిచాడు.

"పోదు" అన్నాడు.

బల్ల ముందు నిలబడి, ఫారం పరిచి, దాని మీద గుండ్రటి ముద్ర చూపించాడు.

"ఈ ముద్ర ఎవరిదండీ?"

"మాదే" అన్నాడు తెల్ల టోపీ.

"చదివి వేశారా, చదవకుండా వేశారా?"

"చదవకుండా ఎలా వేస్తామయ్యా?"

"చదివారు. ఒప్పుకున్నారు. ముద్ర వేశారు. అంటే ఈ పోటీల్లో పరువు పందెం అనే ఈవెంట్ ఉన్నట్టు. పెట్టండి."

"ఏంటి పెట్టేది?"

"పరువు పందెం. ఎంట్రీ మాదొక్కటే కాబట్టి మొదటి స్థానం మాది. షీల్డు తెండి, తీసుకెళ్తాం."

చుట్టూ జనం చేరారు. ఎవరో ఈల వేశారు. తెల్ల టోపీ మొహం కందగడ్డయింది.

"అలాంటి పందెం ప్రపంచంలో లేదు!"

"లేదని పది రోజుల కిందటే చెప్పొచ్చుగా? కబురు చేస్తే నిమిషంలో మార్చేవాళ్లం. పోనీ, చదవకుండా ముద్ర వేశామని కాగితం మీద రాసివ్వండి."

పక్కనున్న ఇద్దరు అధికారులు గడియారాలు చూసుకోవడం మొదలెట్టారు. అప్పుడు ఆయన గొంతు మారింది.

"అయ్యా, నేను తెలుగు మాస్టార్ని. పన్నెండేళ్లుగా అందరి తప్పులూ దిద్దుతున్నాను. ఇది దిద్దాల్సింది నేను, వదిలేసింది నేను. శిక్ష నాకు వెయ్యండి. ఇంకెప్పుడూ ఏ పోటీకీ నన్ను రానివ్వకండి, సంతకం పెడతాను. కానీ ఈ నలుగురూ కంకర మీద పరిగెత్తి ఇక్కడిదాకా వచ్చారు. ఒక్క అక్షరం కోసం వాళ్లని వెనక్కి పంపుతారా? మీ పిల్లలైతే పంపుతారా?"

తెల్ల టోపీ టోపీ తీసి బట్టతల గోక్కున్నాడు.

"ట్రాక్ మీద ఎనిమిదో లేను ఖాళీగా ఉంది" అన్నాడు చివరికి. "తీసుకుపో. నా బుర్ర తినేశావు."

* * *

ఎనిమిదో లేను ఎవరికీ అక్కర్లేని లేను. మలుపు కోసం అందరికంటే ముందు నిలబెడతారు, వెనక ఎవరెక్కడున్నారో కనపడదు. దెయ్యం తరుముతున్నట్టు గుడ్డిగా పరిగెత్తాలి.

తుపాకీ పేలింది.

మొదటి అమ్మాయి గురి చూసి విసిరినట్టు వెళ్లింది. బ్యాటన్ కర్ర రెండో చేతికి టప్పున అందింది. రెండో అమ్మాయి నుంచి మూడో అమ్మాయికి అందేటప్పుడు జారింది. విజిల్ టీచర్ మెడలో విజిల్ కొరికింది. లేదు, కింద పడలేదు, రెండు వేళ్ల మధ్య ఇరుక్కుంది! కానీ ఆ తడబాటులో నీలం జట్టు, పసుపు జట్టు, ఎరుపు జట్టు ముందుకెళ్లిపోయాయి.

మిడత చేతికి బ్యాటన్ వచ్చేసరికి నాలుగో స్థానం.

"పరిగెత్తు! పరిగెత్తవే!" అరుస్తున్నది తనే అనుకుంది విజిల్ టీచర్. కాదు, పక్కన ఎర్ర సిరా మాస్టారు. కంచె ఎక్కేశాడు. ఏ వ్యాకరణానికీ అందని కేకలు పెడుతున్నాడు.

మిడత ఎరుపుని దాటింది. ముప్పై మీటర్లు. పసుపు పిల్ల భుజం పక్కకొచ్చింది. పది మీటర్లు. నీలం ముందే గీత దాటేసింది. పసుపు, మిడత, పసుపు, మిడత... మిడత ఛాతీ ముందుకి విసిరి గీత మీదే బోర్లా పడింది.

మైకు గరగరమంది.

"రెండో స్థానం, ఎనిమిదో లేను."

విజిల్ టీచర్ ఏం చేసిందో ఆమెకే తెలీదు. చూసినవాళ్లు చెప్పారు. కంచె మీదున్న మాస్టారిని చొక్కా పట్టుకుని కిందికి లాగి, రెండు చేతులూ పట్టుకుని, గిరగిరా తిప్పిందట. మోకాళ్లు చెక్కుకుపోయిన మిడత కుంటుతూ వచ్చి, మిగతా ముగ్గురితో కలిసి చప్పట్లు కొట్టిందట.

"టీచర్, ఇప్పుడు లేసు నిజంగానే ఊడింది!"

* * *

తిరుగు బస్సులో సాయంత్రపు ఎండ పసుపుగా పడుతోంది. పిల్లలు నిద్ర నటిస్తున్నారు. నలుగురికీ ఒకేసారి నిద్ర రావడం ఎక్కడైనా ఉందా? పోటీలు చూడ్డానికి వచ్చిన పెద్ద టీచర్ ముందు సీట్లో ఆఫీసుకి ఫోన్ చేసి, వినపడేలా అరిచి చెబుతోంది. పోస్టు ఎత్తితే ఊరుకోను, రెండో స్థానం వచ్చింది, రాసుకోండి!

విజిల్ టీచర్ ఎర్ర సిరా మాస్టారి పక్కన కూర్చుంది.

"నాకు చుట్టూ తిప్పి చెప్పడం రాదు. వేరే ఊరికి పోవాల్సొస్తుందని నెల రోజులుగా భయపడ్డాను. మొదట ఆ పిల్లల కోసం అనుకున్నా. పిల్లల కోసమే కాదు. మీకూ అలాంటిదేమన్నా ఉంటే చెప్పండి. లేకపోతే వెనక సీట్లోకి పోతా."

ఆయన గొంతు అరిచి అరిచి పూర్తిగా పోయింది. పెదాలు కదిలాయి, గాలి వచ్చింది. జన్మలో చెప్పాల్సిన ఒక్క మాట దగ్గర మాటే లేకుండా పోయింది మనిషికి. కంగారుగా ఫోన్ తీసి, ఎవరికో కలిపి, ఆమె చెవి దగ్గర పెట్టాడు.

"హలో, ఎవరూ?" అటు నుంచి పెద్దావిడ గొంతు.

"నేనండీ... బడిలో ఆటల టీచర్‌ని."

"నువ్వేనా అమ్మా! వాడి తల్లిని. నెల రోజులుగా నీ సంగతే. వాడు పొద్దున్నే లేచి డాబా మీద పరిగెడుతుంటే పిచ్చెక్కిందేమో అనుకున్నా. ఏమైంది, గెలిచారా? వాడేడి, మాట్లాడడేం?"

"గెలిచాం. గొంతు పోయిందండీ ఆయనకి."

"పోతే పోనీ, ఇల్లు ప్రశాంతంగా ఉంటుంది. నా కూరలకి కూడా వంకలు పెడతాడు వెధవ. అది సరే, వాడు చెప్పాల్సింది నేనే చెబుతున్నా. వాడు నిన్ను చేసుకుంటానంటున్నాడు. మీ నాన్నగారితో మాట్లాడ్డానికి ఎప్పుడు రమ్మంటావు?"

ఆమె తల తిప్పి చూసింది. ఆయన అవునని తల ఊపుతున్నాడు, ఆపకుండా, అది బస్సు కుదుపో తన ఊపో తెలియకుండా. వెనక సీట్లలో నిద్రపోతున్న నలుగురూ ఊపిరి బిగబట్టారు.

"ఆదివారం రండి" అంది.

"వస్తాం. ఇంతకీ ఆ బదిలీ మాటేమైంది తల్లీ? ఇక్కడే ఉంటున్నావా?"

"ఉంటున్నానండి" అంది విజిల్ టీచర్, బస్సంతా వినపడేలా. "ఎక్కడికీ పోవట్లేదు."